మూడు మెట్లు పైకి

తొమ్మిదో తరగతి అయ్యేదాకా మా బడిలో పాట అంటే నేనే. పొద్దున ప్రార్థనలో నేను, ఆగస్టు పదిహేనుకి నేను, బాలల దినోత్సవానికి నేను. చర్చిలో ఆదివారం కీబోర్డు వాయించేదీ నేనే. గోదావరిఖనిలో మా తాత బొగ్గుబాయి పనిలో చేరిన నాటి నుంచి మా కుటుంబం ఆ చర్చికే వెళ్తోంది. మా డాడీది కూడా బాయి పనే. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. "ఏదన్న వాయించు బిడ్డా" అనేవాడు. నేను రెండో పాట ఎత్తుకునేసరికి ఆయన తల పక్కకు వాలిపోయేది. డాడీకి నా వాయింపు అంత హాయిగా ఉందని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

పదో తరగతి మొదలైన వారానికి ఆమె మా క్లాసులోకి వచ్చింది. వాళ్ళ నాన్న రామకృష్ణాపూర్ నుంచి బదిలీ అయి వచ్చాడు. మా వెనక లైనులోనే క్వార్టర్ ఇచ్చారు. మా తెలుగు సార్‌కి కొత్త పిల్లలు ఎవరొచ్చినా నిలబెట్టి "నీకేమొస్తది?" అని అడిగే అలవాటు. ఎవరైనా ఎక్కాలొస్తాయనో, బొమ్మలొస్తాయనో చెప్పేవాళ్ళు. ఆమె "పాటలొస్తయ్ సార్" అంది. క్లాసంతా నా వైపు చూశారు. నేను నవ్వాను. పాడమన్నారు సార్.

వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాట ఒకటి పాడింది. చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరికోసమూ కాదన్నట్టు పాడింది. మొదటి మాటకే నాకు అర్థమైపోయింది. సంగీతం కొంచెం తెలిసినవాళ్ళకు ఉండే బాధ అది. తెలియనివాళ్ళు బాగుంది అనుకుని ఊరుకుంటారు. ఎంత బాగుందో, తనకంటే ఎంత బాగుందో కొలత తెలిసినవాళ్ళకే పట్టుబడుతుంది. పక్క క్లాసు మేడం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పాట అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. అందరికంటే ముందు ఆపేశాను.

ఆ వారంలోనే పొద్దున ప్రార్థన ఆమెకు వెళ్ళిపోయింది. నన్నెవరూ తీసెయ్యలేదు. "నువ్వు వాయించు, ఆ పిల్ల పాడుతది, జోడి మంచిగుంటది" అన్నారు పెద్ద మేడం. మైకు స్టాండును ఒకరు వచ్చి నా ముందు నుంచి నాలుగడుగులు జరిపి ఆమె ముందు పెట్టారు. అంతే జరిగింది. అప్పటిదాకా నేను స్టేజీ మధ్యలో ఉండేదాన్ని. అప్పటి నుంచి పక్కకు అయిపోయాను.

ఆమె మంచిది కాకపోయినా బాగుండేది. ఆమెకు నేనంటే చాలా ఇష్టం. సాయంత్రాలు ప్రాక్టీసుకి మా ఇంటికే వచ్చేది. నా వేళ్ళ వంక చూస్తూ "ఎట్ల తెలుస్తదే నీకు ఏ మెట్టు నొక్కాల్నో" అని ఆశ్చర్యపోయేది. నేను రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని. ఇంకా చెప్తే ఇది కూడా నేర్చేసుకుంటుందని భయం.

ఒకరోజు డాడీ ఎప్పటిలా గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను వాయిస్తున్నాను, ఆమె పాడుతోంది. డాడీ నిద్రపోలేదు. మెల్లగా ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నాడు. పాట అయిపోయాక అన్నాడు.

"ఇంకొక్కసారి పాడు బిడ్డా."

బిడ్డా అనే మాట నాదనుకునేదాన్ని. ఆమె వెళ్ళిపోయాక డాడీని అడిగాను, "నేను వాయిస్తే నిద్రపోతవ్, ఆమె పాడితే నిద్ర రాదా?" అని. ఆయన నవ్వేశాడు. "గదేం లెక్కనే, పానం లేసొచ్చినట్టు పాడింది కదా" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పాను.

నాకు అప్పటికే సంగీతమే నా పని కావాలని గట్టిగా ఉండేది. పెద్దయ్యాక ఏమవుతారో రాయమని బడిలో కాగితాలు ఇచ్చినప్పుడు నేను "కీబోర్డు ప్లేయర్, గాయని" అని రాశాను. మందమర్రిలో నాకు కీబోర్డు నేర్పిన మాస్టారు ఉండేవారు. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు పెళ్ళి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా. డాడీకి సెలవు ఉన్న రోజు బండి మీద గోదావరి వంతెన దాటించి, మంచిర్యాల మీదుగా అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఒకసారి మాస్టారిని సూటిగా అడిగాను.

"సార్, వాయించుకుంట బతకొచ్చా?"

"బతకొచ్చు. కాని రోజూ వాయించాలె. మనసు బాగలేకున్నా వాయించాలె, జరమొచ్చినా వాయించాలె. పాడేటోళ్ళ మీద కోపమున్నా వాళ్ళకు మంచిగ వాయించాలె. గదే అన్నిటికన్న కష్టం."

"నేను పాడుత గూడ కద సార్."

అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. "నీ గొంతు మంచిదే బిడ్డా. పది మందితోని కలిసి పాడే గొంతు. నీ చేతులు మాత్రం వేరే ఉన్నయ్" అన్నారు. నేను చేతుల గురించి చెప్పిన మాట వినలేదు. పది మందితో కలిసి పాడే గొంతు అన్న మాటే దారంతా చెవుల్లో మోగింది. అదే ప్రశ్న ఆమె గురించి అడిగితే ఆయన ఏమంటారో నాకు తెలుసు. అందుకే ఆమెను ఒక్కసారి కూడా ఆయన దగ్గరికి తీసుకెళ్ళలేదు. "నన్నూ తీస్కపోవే" అని అడిగినప్పుడల్లా బండి మీద చోటు లేదని చెప్పాను.

ఆ చలికాలంలో మా ఏరియాలోని బడులన్నిటికీ కలిపి పాటల పోటీ పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక సంగీతం సార్ న్యాయనిర్ణేతగా వస్తున్నారు. రికార్డింగుల్లో, స్టేజీల మీద చాలా ఏళ్ళు వాయించిన మనిషి. బాగా చేసినవాళ్ళను ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో తాను నడిపే నెల రోజుల శిక్షణకు తీసుకుంటారని చెప్పారు. నేను పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి, పాడటం, వాయించడం రెండూ నేనే చేస్తానన్నాను. మేడం నా తల నిమిరి, "నువ్వు వాయించంగ ఆ పిల్ల పాడితేనే మనకు ప్రైజ్ వచ్చేది" అన్నారు.

మా తెలుగు సార్ పాట రాశారు. సెకండు షిఫ్టుకు పోయిన మనిషి కోసం దీపం పెట్టుకుని ఎదురుచూసే ఇల్లాలి పాట. నేనే బాణీ కట్టాను. రెండో చరణం చివర గొంతు బాగా పైకి వెళ్ళి అక్కడే కొంచెంసేపు నిలబడాలి. ఆమె గొంతు ఎక్కడిదాకా హాయిగా వెళ్తుందో, ఎక్కడ సాగదీయాల్సి వస్తుందో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఆ అంచు దగ్గర ఆపి కట్టాను. అక్కడ ఆమె పాడుతుంటే నాకే ఒళ్ళు జలదరించేది. నా బాణీకి ఆమె చప్పట్లు అందుకుంటుందని అప్పుడే తెలుసు.

పోటీ రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఇద్దరికీ జడలు వేసి, ఇద్దరికీ చెరొక గ్లాసు మిరియాల కషాయం ఇచ్చింది. "గొంతు మంచిగుంటది, తాగుండ్రి" అంది. నాకెందుకు అవ్వా, నేను పాడను కదా అన్నాను. "ఏమోనే, నువ్వు పక్కపొంటి ఉన్నవ్ కదా" అని నవ్వింది. హాలుకు నడుస్తుంటే ఆమె కూడా నా చెయ్యి పట్టుకుని అదే మాట అంది. "నువ్వు పక్కన ఉంటే నాకు ఫికరే లేదే." వాళ్ళు ప్రేమగా అన్నారు. నాకు పక్కన అనే మాట ఒక్కటే వినబడింది.

కమ్యూనిటీ హాల్ నిండిపోయింది. యూనిఫాం పిల్లలు, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన తండ్రులు, ముందు వరుసలో ఆఫీసర్లు. మా డాడీ నాలుగో వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కీబోర్డులో ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే మనం వాయించే మెట్లు మారకుండానే మొత్తం శృతి ఒక మెట్టు పైకి పోతుంది. మా పేరు పిలిచారు. ఆమె మైకు సరిచేసుకుంటోంది. నేను ఆ మీటను ఒకసారి నొక్కాను. అంతటితో ఆగుదామనుకున్నాను. నాలుగో వరుసలో డాడీ ఆమెనే చూస్తున్నాడు. ఇంకో రెండుసార్లు నొక్కాను.

నేను మొదటి స్వరం ఇవ్వగానే ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఒక్క క్షణం. నేను కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె ఎత్తుకుంది. పల్లవి బాగానే సాగింది. మొదటి చరణంలో పైకి వెళ్ళినచోట గొంతు సన్నబడింది, కానీ నిలిచింది. రెండో చరణం చివర ఆ అంచు దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలింది. ఇంకోసారి ప్రయత్నించింది. దగ్గు వచ్చింది. పాట ఆగిపోయింది.

నా వేళ్ళు మాత్రం ఆగలేదు. ఇది నేను మంచితనంతో చేశానని చెప్పుకోలేను, అది అలవాటు. చర్చిలో ముసలవ్వలు వరుస మరిచిపోతే కీబోర్డు మీద బాణీ వాయించి వాళ్ళను మళ్ళీ పాటలోకి తెచ్చేదాన్ని. అలాగే ఆమె వదిలేసిన చోట నుంచి బాణీ అందుకుని వాయించాను, తిప్పి ఇంకోసారి వాయించి, మెల్లగా కిందికి దింపి పల్లవి దగ్గర ఆగాను. ఆమె కళ్ళు తుడుచుకుని పల్లవి అందుకుంది. పాట ముగిసింది. హాలంతా చప్పట్లు.

న్యాయనిర్ణేత సార్ మైకు తీసుకుని నన్ను ముందుకు రమ్మన్నారు. "పాట తెగిపోతే పట్టుకుని ఒడ్డుకు చేర్చింది ఈ అమ్మాయి. ఈ వయసులో ఇది నేర్పితే వచ్చేది కాదు" అన్నారు. శిక్షణకు ఎంపికైన పేర్లలో నాది మొదటిది. ఆమె పేరు లేదు. డాడీ నాలుగో వరుసలో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నేను కోరుకున్నదంతా అక్షరాలా జరిగింది.

స్టేజీ దిగి వెనక్కి వెళ్ళేసరికి ఆమె చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. ఒకావిడ కొంగుతో ఆమె మొహం తుడుస్తోంది. "జలుబు చేసిందా బిడ్డా? అయినా ఏం గొంతే నీది!" అంటున్నారు. నా దగ్గరికి ఒకరిద్దరు వచ్చి బాగా వాయించావని చెప్పి, మళ్ళీ ఆమె వైపే వెళ్ళిపోయారు. చీలిపోయిన గొంతుకు కూడా అంతమంది ఉన్నారు. అప్పుడు కూడా నాకు ఆమె మీద కుళ్ళే వచ్చింది.

పరీక్షలైపోయాక హైదరాబాద్ వెళ్ళాను. సంగీతాన్ని పనిగా చేసుకునేవాళ్ళు ఎలా ఉంటారో అక్కడే చూశాను. పొద్దున ఆరింటికే సాధన. ఒక్క వాక్యాన్ని వందసార్లు. మొదటి రోజే సార్ చెప్పారు, "పాడేవాళ్ళ గొంతు ఎక్కడ హాయిగా ఉందో తెలుసుకోవడమే వాయించేవాళ్ళ మొదటి పని." నేను తల వంచుకుని రాసుకున్నాను.

మూడో వారంలో భోజనాల దగ్గర ఆయన హఠాత్తుగా నన్ను అడిగారు. "ఆ రోజు నీతో పాడిన అమ్మాయి గుర్తుందా? గొంతు చాలా బాగుంది. శృతి మాత్రం ఆమెకు ఎక్కువైంది. ఎవరు పెట్టారు అంత పైన?"

చెప్పడానికి అదే సమయం. అన్నం ముద్ద చేతిలోనే ఉంది. "ఆమెనే పెట్టమన్నది సార్. నేను వద్దన్న" అన్నాను.

"అయ్యో" అన్నారు ఆయన. "తన గొంతు తనకు తెలియకపోతే కష్టమే. పిలుద్దామనుకున్నాను." అని చారు పోసుకున్నారు. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

శృతి పెంచినప్పుడు కంటే ఆ మాట అన్నాక ఎక్కువ కుంగిపోయాను. మొదటిది మూడు నొక్కుల్లో అయిపోయిన పని. ఇది కూర్చుని, నమలుతూ, ఆలోచించి చెప్పిన మాట. మిగిలిన రోజుల్లో నా వేళ్ళు సరిగా పడలేదు. ఇంటికి బెంగ పెట్టుకున్నావా అని సార్ అడిగితే అవునన్నాను.

తిరిగొచ్చిన రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. ఆమె కూలర్‌లో నీళ్ళు పోస్తోంది. వాళ్ళమ్మ లేదు. నన్ను చూసి సంతోషంగా, "వచ్చినవానే! ఎట్లున్నది హైదరాబాద్?" అంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రోజు శృతి పెంచింది నేనే అని.

ఆమె బకెట్ కింద పెట్టింది. "ఎరుకే. మూడు మెట్లు" అంది.

"ఎప్పుడు తెల్సింది?"

"నువ్వు వాయించుడు షురూ చేసినప్పుడే. రోజూ పాడిన పాట, ఆ మాత్రం తెల్వదా?"

"మరి ఎందుకు ఆపలేదే?"

"మొదలు, పొరపాటు అనుకున్న. నువ్వు నా దిక్కు చూడకపోయేసరికి సమజైంది. అయినా పాడుదామనుకున్న. గంత పైన పాడి, నీ మొకం ఎట్లయితదో చూద్దామనుకున్న." బకెట్‌ను కాలితో పక్కకు జరిపింది. "అయితలేదని తెల్సినా ఆపలే. నాకు గూడ పొగరున్నది."

"నా మీద కోపం రాలేదా?"

"రాకుంటె మనిషినేనా? వారం ఏడ్చిన. అమ్మకు చెప్పలే. చెప్తే నిన్ను ఇంట్లకు రానియ్యదు."

అప్పుడు రెండో విషయం చెప్పాను. సార్ అడిగినప్పుడు నేనేమన్నానో. అంతవరకు మామూలుగా ఉన్న ఆమె మొహం మారిపోయింది.

"నేనన్నన్నా? నా గొంతు నాకు తెల్వదని చెప్పినవా ఆయనకు?"

నేను తల ఊపాను.

"ఫోను తియ్యి" అంది. "ఇప్పుడే చెయ్యి. నా ముందటనే చెప్పు."

చేశాను. స్పీకర్ పెట్టమంది, పెట్టాను. సార్ ఎత్తారు. తడబడుతూ అంతా చెప్పాను. ఆయన విని, మెల్లగా, "శృతి పెంచిన సంగతి కంటే ఆ పిల్ల గురించి నాతో చెప్పిన మాటే పెద్ద తప్పమ్మా" అన్నారు. "ఆ అమ్మాయి ఉందా అక్కడ? ఇవ్వు."

ఏదైనా పాడమన్నారు ఆమెను. కూలర్ ఆపేసి, నేల మీద కూర్చుని, మా తెలుగు సార్ రాసిన పాటే పాడింది. తనకు కావలసిన శృతిలో. రెండో చరణంలో ఉండగా దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఆమె ఆగలేదు. ఆ అంచు దగ్గరికి వెళ్ళి, నిలబడి, దిగింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా ఆ గొంతు నాదైతే ఎంత బాగుండు అని లోపల ఒక మూల అనుకుంటూనే ఉంది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు.

ఆ సాయంత్రం డాడీకి కూడా చెప్పాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు షిఫ్టు నుంచి వచ్చాక అన్నాడు. "బాయిల పైకప్పు చూసెటోడు ఒకడుంటడు. బాగున్నదని ఆయన అంటెనే మేం లోపలికి పోతం. ఆయనతోని కొట్లాట ఉన్నా, ఆయన మాట నమ్మి పోతం. ఆ పిల్ల నిన్ను గట్ల నమ్మింది." అంతకంటే ఎక్కువ తిట్టలేదు. చాలా రోజులు ఏదన్న వాయించు అని మాత్రం అడగలేదు.

హైదరాబాద్ సార్ మరుసటి ఎండాకాలం ఆమెను పిలిచారు. నన్ను పిలవలేదు. వాళ్ళ నాన్న మొదట ఒప్పుకోకపోతే మా డాడీయే వెళ్ళి మాట్లాడాడు. ఇంటర్ అయ్యాక ఆమె అక్కడే సంగీతం కాలేజీలో చేరింది. నేను మందమర్రి మాస్టారికి జరిగింది చెప్పి, మళ్ళీ నేర్పమని అడిగాను. ఆయన చాలా రోజులు నన్ను ఏ పాటా వాయించనివ్వలేదు. పాడేవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, ఒక్కొక్కరి గొంతు ఎంతవరకు వెళ్తుందో రాయించారు. డిగ్రీ చదువుతూనే ఆయన ఆర్కెస్ట్రాలో చేరాను. ఇప్పుడు ఈ బొగ్గు బెల్టులో పెళ్ళిళ్ళకూ, క్రిస్మస్ కూడికలకూ నన్ను అడిగి పిలుస్తున్నారు. పాటగాళ్ళు నేనుంటే ధైర్యం అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఆమె పాటల వీడియోలు ఫోన్‌లో వస్తుంటాయి. కింద జనం రాసినవన్నీ చదువుతాను. గొంతు గురించే రాస్తారు. వెనక కీబోర్డు ఎవరు వాయించారో ఒక్కరైనా అడిగారా అని వెతుకుతాను. వాయించింది నేను కూడా కాదు. అయినా వెతుకుతాను.

పోయిన నెల సెలవులకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చింది. మా అమ్మ చేసిన సకినాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. కాలేజీ కబుర్లు చెబుతూ చెబుతూ ఆగి, ఉన్నట్టుండి అడిగింది.

"నిజం చెప్పు, నా మీద కుళ్ళు ఇంకా ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. ఇంకో సకినం విరుచుకుంటూ, "ఉండనియ్యి, చెప్పినవ్ కదా" అంది. నాకు ఆ సాయంత్రం మంచిర్యాలలో రిసెప్షన్ ఉంది. తను కూడా వస్తానంది. కీబోర్డు చెరొక వైపు పట్టుకుని బస్టాండు దాకా నడిచాం.